తల్లిని చూసి పిల్లను

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని పెద్దల మాట. బర్రె దగ్గర ఈ మాటను వేంపల్లె చుట్టుపక్కల ఏ రైతూ మరిచిపోడు. రెండు పూటలా పాలు పిండించి చూస్తాడు, పళ్లు చూస్తాడు, ఎన్నో ఈతో అడుగుతాడు, అమ్మేవాడి ఊళ్లో నలుగురిని విచారిస్తాడు. అదే రైతు ఇంటి ముందుకు కోడిపిల్లల బండి వస్తే ఐదు నిమిషాల్లో బేరం ముగిసిపోతుంది. మోటారు సైకిలు వెనక జాలీ బుట్టలు, వాటిలో గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగుల పిల్లలు, చుట్టూ మూగిన బడిపిల్లలు. ఎంతకిస్తావు, ఎన్ని ఇస్తావు అన్న రెండు ప్రశ్నలతో సరి. చిన్న మొత్తమే కదా, పోతే పోయింది అన్న ధీమా దీని వెనక ఉంటుంది. నెల తిరిగేసరికి గంప కింద రెండో మూడో మిగిలినప్పుడు మాత్రం తప్పును మేతలో వెతుకుతాం, మందులో వెతుకుతాం, గద్ద మీదికీ దిష్టి మీదికీ తోస్తాం. పిల్ల వచ్చిన చోటు మీదికి మనసు పోదు. పెరటికోళ్లలో లాభనష్టాలు చాలావరకు తేలేది పిల్లలు మన వాకిట్లో అడుగుపెట్టక ముందేనని ఈ అధ్యాయం వాదన. గూడు కట్టేముందు, జాతి ఎంచుకునేముందు, ఎక్కడ కొనాలన్నది తేల్చుకోవాలి.

ముందు ఆ రంగు పిల్ల సంగతే చూద్దాం. గుడ్ల ఫారాలకు పిల్లలు పంపే హ్యాచరీల్లో పొదిగిన గుడ్లలో సగం పెట్టలు, సగం పుంజులు అవుతాయి. పెట్టలు ఫారాలకు పోతాయి. పుంజు గుడ్డు పెట్టదు. మాంసానికి పెంచుదామంటే ఆ జాతిని తరతరాలుగా గుడ్ల కోసమే ఎంపిక చేస్తూ వచ్చారు కాబట్టి ఒంటికి కండ పట్టదు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలకు వస్తే, ఇది నెలల తరబడి తింటూనే ఉంటుంది. హ్యాచరీకి అక్కరలేని ఆ సరుకే చవగ్గా బయటికి వచ్చి, రంగు పులుముకుని వీధిలోకి చేరుతుంది. ఈకలు మారగానే రంగు పోతుంది. గుడ్ల కోసమని పది పిల్లలు కొన్న ఇల్లాలికి, బతికినవన్నీ పుంజులే అవుతాయి. అమ్మినవాణ్ని మోసగాడు అనలేం. కోడిపిల్ల అన్నాడు, కోడిపిల్లే ఇచ్చాడు. మనం అడగనిది అతడు చెప్పలేదు, అంతే. దీనికి తోడు ప్రయాణం ఒకటుంది. గుడ్డులోంచి బయటపడే ముందు పిల్ల పచ్చసొనను పొట్టలోకి పీల్చుకుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకపోయినా నెట్టుకురాగలదు. ప్రకృతి ఇచ్చిన ఈ గడువు మీదే ప్రపంచమంతా ఒకరోజు పిల్లల వ్యాపారం నడుస్తోంది. ఆ గడువంతా బుట్టలో, రోడ్డు మీద, కడప ఎండలో ఖర్చయిపోయిన పిల్లకు మన వాకిట్లో నూకలు పోసినా చాలాసార్లు ఆలస్యమైపోయే ఉంటుంది.

రంగు లేని పిల్లయినా, గోధుమరంగు చారలున్న చక్కని నాటు పిల్లయినా, కంటికి కనబడని ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది: తల్లికి జబ్బు ఉందా? గుడ్డులోకి తల్లి పోషకాలతో పాటు తన రోగాలనూ కొన్నింటిని పంపుతుంది. వాటిలో పేరుమోసినది పుల్లోరం. తెల్లటి విరేచనాలతో, వెనకభాగం అతుక్కుపోయి, రెక్కలు వేలాడేసి పిల్లలు రెండు మూడు వారాల లోపల వరసగా చనిపోతాయి. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1899లో లియో రెట్గర్ అనే అమెరికా శాస్త్రవేత్త గుర్తించాడు. అప్పట్లో ఆ దేశంలో ఈ జబ్బు సోకిన మందల్లో నూటికి ఎనభై పిల్లలు పోయిన సందర్భాలున్నాయి. అక్కడి రైతులు మేత మార్చి చూశారు, పిల్లలకు వెచ్చదనం పెంచి చూశారు. చివరికి దారి దొరికింది తల్లికోళ్ల దగ్గర. తల్లుల రక్తం పరీక్షించి, జబ్బు మోస్తున్న వాటిని మందలోంచి తీసేయడం మొదలుపెట్టారు. 1935లో దాన్ని దేశమంతటికీ ఒక పథకంగా పెట్టి, పరీక్షించిన మందల పిల్లలను వేరుగా గుర్తించే ఏర్పాటు చేశారు. పిల్లల చావును ఆపే మందు పిల్లల్లో కాదు, తల్లుల్లో దొరికిందన్నది మన వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం. జబ్బు మోసే పెట్ట పైకి నిగనిగలాడుతూ గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఊపిరి గురకగా తీసుకునే జబ్బుకు కారణమైన మైకోప్లాస్మా కూడా ఇలాగే గుడ్డు దారిన వస్తుంది. అందుకే పిల్లను చేతిలోకి తీసుకుని ఎంత పరీక్షగా చూసినా తెలియనిది, తల్లుల రక్తం పరీక్షిస్తారా అన్న ఒక్క ప్రశ్నతో కొంత తెలుస్తుంది.

రెండో ఆధారం మారెక్ జబ్బు. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దీన్ని మొదట వర్ణించాడు. రెండు నుంచి ఐదు నెలల వయసులో, ఇక గుడ్లకు వస్తుందనుకుంటున్న పెట్టకు కాళ్లు పడిపోతాయి. ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ చాచి పడుకుంటుంది. మన పల్లెల్లో దీన్ని వాతం అనో, ఎవరో కొట్టారనో అనుకుంటారు. దీనికి చికిత్స లేదు, టీకా ఉంది. ఆ టీకా పిల్ల పుట్టిన రోజునే, గాలిలోని వైరస్ తగలకముందే వెయ్యాలి. ఒక సీసాలో వందల పిల్లలకు సరిపడే మందు ఉంటుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. పది పిల్లలు కొన్న ఇంట్లో ఆ పని సాధ్యం కాదు. కొక్కెర తెగులు టీకా మనం తర్వాత వేయించుకోవచ్చు, మశూచి టీకా వేయించుకోవచ్చు, నట్టల మందు తాగించుకోవచ్చు. మారెక్ టీకా మాత్రం పిల్ల పుట్టిన చోట వేస్తే వేసినట్టు, లేకపోతే లేనట్టు. కొనేవాడి కష్టంతో పూడ్చలేని లోటు ఇది. ఐదు నెలలు మేసి, గుడ్లకు రాబోతూ కాళ్లు పడిపోయిన పెట్టతో పాటు పోయిన సొమ్ము, మొదట్లో మనం పిల్ల ధరలో మిగుల్చుకున్న రూపాయలకు ఎన్నో రెట్లు.

మరి ఎక్కడ కొనాలి? హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను తయారుచేసింది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టే చోట వనరాజా నూరు నుంచి నూటపది, గ్రామప్రియ 160 నుంచి 180 దాకా పెడతాయని ఆ సంస్థ లెక్క. ఈ పేర్లు ఇప్పుడు అందరి నోళ్లలో ఉన్నాయి కాబట్టి, పేరు చెప్పి వేరే పిల్లలను అమ్మడమూ పెరిగింది. ఒక్క సంగతి తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. వనరాజా సంకర రకం. ఎవరో తెచ్చి పెంచిన వనరాజాల గుడ్లను పొదిగిస్తే వచ్చే పిల్లల్లో ఆ గుణాలు అంతే బలంగా నిలవవు. కాబట్టి ‘మా దగ్గర వనరాజా పిల్లలున్నాయి’ అన్నవాణ్ని, తల్లిదండ్రుల మంద ఎక్కడి నుంచి తెచ్చారని అడగాలి. ఆ మందను డైరెక్టరేట్ నుంచో, దాని గుర్తింపు ఉన్న కేంద్రం నుంచో తెచ్చుకున్నవాడు ఊరూ ఏడూ చెప్పగలడు. వేంపల్లె వాళ్లు ఈ విచారణకు హైదరాబాదు దాకా పోనక్కరలేదు. కడప దగ్గర ఊటుకూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, మండలంలో పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడ అడగవలసింది పిల్లలున్నాయా అని మాత్రమే కాదు, ఈ జిల్లాకు ఏ హ్యాచరీ పిల్లలు వస్తున్నాయి, వాటిని కొన్న ఇళ్లలో ఎలా ఉన్నాయి అని కూడా. టీకాలు వేస్తూ ఇల్లిల్లూ తిరిగే పశుసంవర్ధక సహాయకుడికి ఎవరి దొడ్లో ఎన్ని మిగిలాయో ఏ కాగితమూ చెప్పనంత బాగా తెలుస్తుంది.

చోటుతో పాటు వయసునూ తేల్చుకోవాలి. మన ప్రాంతానికి ఇది ముఖ్యం. ఒకరోజు పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. పాపాఘ్ని లోయలో వేసవి పగలు ఆ వేడిని దాటేసి పిల్లను ఉడికిస్తుంది, చలికాలం తెల్లవారుజామున అది అందక పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక పోతాయి. కరెంటు బల్బు, చుట్టూ రేకు, కింద శనక్కాయ పొట్టు, రాత్రి రెండుసార్లు లేచి చూసే మనిషి, ఇవన్నీ ఉన్న ఇల్లు ఒకరోజు పిల్లలను తెచ్చుకోవచ్చు. చీనీ తోటలకు, కూలికి పొద్దున్నే వెళ్లిపోయే ఇల్లు నాలుగు వారాలు పెంచిన పిల్లలను కొనడం మేలు. ప్రభుత్వం కూడా ఈ అనుభవం మీదే నడిచింది. 2009–10లో మొదలైన గ్రామీణ పెరటికోళ్ల పథకంలో పేద కుటుంబాలకు ఒకరోజు పిల్లలను ఇవ్వలేదు. మదర్ యూనిట్లనే పెంపక కేంద్రాల్లో నాలుగు వారాలు సాకిన పిల్లలను, కుటుంబానికి 45 చొప్పున, విడతలుగా ఇచ్చేలా పెట్టారు. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో తల్లికోళ్ల ఫారం, హ్యాచరీ, మదర్ యూనిట్ కలిపి పెట్టేవారికి సగం పెట్టుబడి సబ్సిడీగా ఇస్తున్నారు. తల్లి మంద, పొదుగు, నెల రోజుల సాకుడు ఒకే చేతి కింద ఉన్న ఇలాంటి చోటు మీకు బండి దూరంలో ఉంటే, నా దృష్టిలో అదే మొదటి ఎంపిక. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ ప్రాంగణంలోనే కనబడుతుంది.

సంతలో కొనడం గురించి కాస్త నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ కోళ్లు కళ్లెదుటే పెద్దగా, చురుగ్గా కనబడతాయి. నాటుకోడి సంతకు ఎందుకు వస్తుంది? పండగ ఖర్చు కోసం రావచ్చు, పుంజులు ఎక్కువై రావచ్చు. ఇంకొక కారణం కూడా ఉంది. పక్క వీధిలో కోళ్లకు తెగులు తగిలిందని వినగానే, ఉన్నవాటిని అయినకాడికి అమ్ముకోవడం పల్లెల్లో సహజం. చచ్చి చేతికి రాకుండా పోయేకంటే ఎంతో కొంత వస్తుందన్న ఆ లెక్కను తప్పుపట్టలేం. పేదింటికి కోడే చేతిలో నగదు. కానీ దాని ఫలితం ఏమిటంటే, తెగుళ్లు తిరిగే రోజుల్లో సంతకు చేరే కోళ్లలో తెగులు ఊళ్ల కోళ్లే ఎక్కువగా ఉంటాయి. ధర పడిపోయిందని మనం సంబరపడే రోజే అన్నిటికంటే ప్రమాదమైన రోజు. కొక్కెర తెగులు, అంటే 1920ల చివర్లో రాణిఖేత్‌లో కనబడి ఆ పేరు తెచ్చుకున్న జబ్బు, వైరస్ సోకాక సాధారణంగా ఐదారు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు గానీ బయటపడదు. కొన్న రోజు మెడ నిక్కించి తిరిగిన పెట్ట వారానికి పచ్చగా పారుకుంటూ మెడ తిప్పేస్తుంది. అప్పటికి మన పాత కోళ్లన్నిటికీ అంటించి ఉంటుంది. రెండు కోళ్లు కొని ఇరవై పోగొట్టుకోవడమంటే ఇదే. బర్డ్ ఫ్లూ రోజుల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్లలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడినప్పుడు కోళ్ల రాకపోకల మీద ఆంక్షలు పెట్టారు. అలాంటి కబురు విన్న నెలలో పిల్లలనూ కోళ్లనూ ఎక్కడా కొనకుండా ఆగడమే మంచిది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. మా అవ్వల కాలంలో ఏ హ్యాచరీ ఉంది, ఏ రక్త పరీక్ష ఉంది, ఇంటి పెట్టను పొదిగేసుకుని బతకలేదా అంటారు. బతికారు. ఇప్పటికీ వీధిలో పొరుగింటి పొదుగు పెట్ట మంచి చోటే, చాలా ఇళ్లకు అదే ఉత్తమం. కారణం కూడా నేను చెబుతున్నదే: ఆ తల్లి మీ కళ్లెదుట తిరిగింది. ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎన్ని పొదిగిందో, గద్దను చూసి పిల్లలను రెక్కల కిందికి ఎలా తీసుకుందో, పోయిన వేసవి తెగులులో ఆ ఇంట్లో ఎన్ని పోయాయో మీకు తెలుసు. ఇంతకంటే గొప్ప ధ్రువపత్రం ఏ సంస్థా ఇవ్వలేదు. నాటుకోడికి రోగాలు రావన్న రెండో మాటను మాత్రం ఒప్పుకోలేం. కొక్కెర తెగులు నాటు మందలను ఊడ్చేసిన వేసవులు ప్రతి ఊరికీ గుర్తే. మిగిలిన నాలుగు కోళ్లను చూసి తట్టుకుంటాయని అంటున్నాం, పోయిన నలభై లెక్కలోకి రావడం లేదు. ఇంటి పెట్ట పిల్లలకైనా ఏడో రోజు దాటకుండా కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టుబి టీకా వేయించి తీరాలి.

నాటు పెట్టకూ హ్యాచరీకీ మధ్య మరొక దారి ఉంది, దాన్ని మనవాళ్లు తగినంత వాడుకోవడం లేదు. మంచి మంద నుంచి పొదిగే గుడ్లు తెచ్చి ఇంటి పెట్ట కింద పెట్టడం. పదీ పన్నెండు గుడ్లు ఒక పెట్ట మోస్తుంది. బస్సు కుదుపులకు గుడ్డు లోపల కదులుతుంది కనుక, తెచ్చిన రోజే పెట్టకుండా సన్నని కొన కిందికి ఉంచి ఒక రోజు చల్లని చోట ఆపి మర్నాడు పెట్టాలి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. ఎండలో ప్రయాణం లేదు, బల్బు లేదు, కరెంటు కోత భయం లేదు, వెచ్చదనమూ కాపలా పెట్టవే. గ్రామప్రియ, వనరాజా వంటి రకాలకు పొదుగు మీద కూర్చునే గుణం దాదాపు లేదు. అందుకే దొడ్లో ఒకటి రెండు నాటు పెట్టలను అమ్ముకోకుండా ఉంచుకోవాలి. ఈ దారిలో మారెక్ టీకా ఉండదు, గుడ్డు దారిన వచ్చే జబ్బు ఆగదు. కాబట్టి గుడ్లు తెచ్చే మంద విషయంలో అడగవలసినవి ఏవీ తగ్గవు. ఒకరోజు పిల్లలనే తెచ్చినా, అప్పటికే పొదుగు మీదున్న పెట్ట కింద చీకటి పడ్డాక మెల్లగా జొనిపితే, తెల్లారేసరికి చాలా పెట్టలు తమ పిల్లలుగానే చూసుకుంటాయి.

ధర సంగతి. రంగు పిల్ల ఒక వంతు, నమ్మకమైన చోటి పిల్ల మూడు వంతులు పడుతుందని లెక్క కోసం అనుకుందాం. రంగు పిల్లలు పది కొని రెండు బతికితే, బతికిన పిల్ల ఒక్కోటి ఐదు వంతులు పడినట్టు. మూడు వంతుల పిల్లలు పది కొని ఎనిమిది బతికితే ఒక్కోటి నాలుగు వంతుల లోపే పడింది, వాటిలో సగం పెట్టలు. చచ్చేదాకా తిన్న మేత ఈ లెక్కలో వెయ్యనేలేదు. పెద్ద హ్యాచరీ పది పిల్లల కోసం పెట్టె కదపదన్నది నిజమైన ఇబ్బంది. వాళ్ల పెట్టెలో నాలుగు గదులు, గదికి 25 చొప్పున వంద పిల్లలు. మన పల్లెల్లో పొదుపు సంఘాలు దీనికి సరిగ్గా సరిపోతాయి. నాలుగు ఇళ్లు కలిసి ఒక పెట్టె తెప్పించుకుంటే గదికో ఇల్లు. పైగా నలుగురు ఒకేసారి ఒకే మంద పిల్లలను పెంచితే, ఒకింట్లో పోయి మూడిళ్లలో బతికితే లోపం ఇంట్లో ఉందనీ, నాలుగిళ్లలోనూ పోతే లోపం వచ్చిన చోట ఉందనీ తెలుస్తుంది. ఒక్కరే కొంటే ఈ తేడా ఎప్పటికీ తేలదు.

అడిగితే నిజం చెబుతారా, కాగితం మీద ఏదైనా రాయొచ్చు కదా అనవచ్చు. నిజమే. అందుకే జవాబును మాత్రమే కాక, జవాబు చెప్పే తీరునూ గమనించాలి. ఏ రోజు పిల్లలయ్యాయి, మారెక్ టీకా వేశారా, తల్లి మంద వయసెంత, వారం లోపు పిల్లలు పోతే ఏం చేస్తారు? రోజూ ఈ పని చేసేవాడికి ఇవి నాలుక మీద ఉంటాయి. ‘అన్నీ వేసేశామన్నా, ఏం భయం లేదు’ అని మూకుమ్మడిగా చెప్పేవాడు ఏదీ చెప్పనట్టే. మంద దగ్గరికి రానివ్వకపోతే మాత్రం తప్పుగా అనుకోవద్దు. పది దొడ్లు తిరిగిన చెప్పులతో తల్లికోళ్ల షెడ్డులోకి అడుగుపెట్టనివ్వనివాడు తన మందను కాపాడుకుంటున్నాడు. గేటు దగ్గర ఆపి వివరాలన్నీ చెప్పేవాడు, లోపలంతా తిప్పి ఏమీ చెప్పనివాడికంటే నయం. ఆ తర్వాత పిల్లను చూడండి. బొడ్డు మానిందా, వెనకభాగం పొడిగా ఉందా, కాళ్లు నిగనిగలాడుతున్నాయా, ఎండి ముడతలు పడ్డాయా, వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచి నిలబడుతోందా. వేసవిలో తప్పక తేవలసివస్తే రాత్రి బయల్దేరి తెల్లవారకముందే ఇల్లు చేరేలా చూసుకోండి. వీలైతే వానలు పడి చల్లబడ్డాకే కొనండి.

ఎంత మంచి చోటునుంచి తెచ్చినా కొత్తవాటిని మూడు వారాలు పాతవాటికి దూరంగా, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాలి. రోజూ పాతవాటికి మేత వేశాకే కొత్తవాటి దగ్గరికి పోవాలి. ఒక చిన్న పుస్తకంలో పిల్లలు పుట్టిన తేదీ, ఎక్కడివి, ఎన్ని, ఏ రోజు ఎన్ని పోయాయి రాసుకోండి. మొదటి వారంలో పోయేవాటి కారణం చాలావరకు హ్యాచరీలోనో ప్రయాణంలోనో ఉంటుంది. ఆ తర్వాత పోయేవాటిలో మన గూడు, మన నీళ్లు, మన టీకాల వంతు పెరుగుతూ వస్తుంది. పదో రోజున అమ్మినవాడికి ఫోను చేసి లెక్క చెప్పండి. మిగతావాళ్ల పిల్లలు ఎలా ఉన్నాయో అతనికి తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే కనుక్కుని చెబుతాడు, లేదా ఫోను ఎత్తడం మానేస్తాడు. పుస్తకంలో ఆ తేదీ పక్కన అది కూడా రాసుకుంటే, వచ్చే ఏడు వానలు పడ్డాక ఎక్కడికి పోవాలో మళ్లీ మొదటినుంచి వెతుక్కోనక్కరలేదు.